అమెరికాలో ప్రీమెడ్ చదివేవాళ్లు లెక్కల కోర్సులు ఎలా ఎంచుకోవాలి: ఏవి, ఎన్ని, ఏ వరసలో

మన దగ్గర డాక్టరు కావాలనుకున్న పిల్లలు ఇంటర్లో బైపీసీ తీసుకుని లెక్కలకు దణ్ణం పెట్టేస్తారు. నీట్‌లోనూ లెక్కల ప్రశ్నలు ఉండవు. అమెరికాలో స్థిరపడ్డ తెలుగు ఇళ్లలోనూ ఆ ఆలోచనే కొనసాగుతోంది. దాంతో ప్రీమెడ్‌లో, అంటే మెడికల్ స్కూలుకు ముందు చదివే డిగ్రీలో, కొందరు పిల్లలు లెక్కల్ని మూడో ఏడాది దాకా నెట్టుకొస్తారు. ఇంకొందరు దీనికి పూర్తిగా ఎదురు. కాలిక్యులస్ 3 దాకా చేస్తే అప్లికేషన్‌కు బరువు వస్తుందని అక్కర్లేని కోర్సులు నెత్తికెత్తుకుంటారు. రెండు దారుల్లోనూ నష్టమే.

ఎక్కువమందికి సరిపోయేది ఇదీ: కాలేజీలో, లెటర్ గ్రేడుతో (ఏ, బీ, సీ లాంటివి), ఒక సెమిస్టర్ కాలిక్యులస్, ఒక సెమిస్టర్ స్టాటిస్టిక్స్. మీకు ఇది సరిపోతుందో లేదో, సరిపోకపోతే ఎక్కడ మార్చుకోవాలో కింద వరసగా చూడండి.

1. ముందు స్కూళ్ల జాబితా, తర్వాతే కోర్సులు

మెడికల్ స్కూళ్లన్నిటికీ ఒకే నియమం లేదు. కొన్ని "ఏడాది లెక్కలు" అంటాయి. కొన్ని స్టాటిస్టిక్స్ ఒక్కటే అడుగుతాయి. కొన్ని ఏ కోర్సూ తప్పనిసరి అనవు, ఫలానా నైపుణ్యాలు ఉండాలని మాత్రం చెబుతాయి. టెక్సాస్‌లోని మెడికల్ స్కూళ్లలో ఎక్కువ భాగం స్టాటిస్టిక్స్ కోరతాయి, కాలిక్యులస్ కోసం పట్టుబట్టవు. హార్వర్డ్ మెడికల్ స్కూలు ఎంఐటీతో కలిసి నడిపే హెచ్‌ఎస్‌టీ (హెల్త్ సైన్సెస్ అండ్ టెక్నాలజీ) మార్గంలో చేరాలంటే మాత్రం మామూలు ప్రీమెడ్ లెక్కలు చాలవు, అంతకు మించి చదవాలి.

అందుకని మొదటి సెమిస్టర్ మొదలయ్యేలోపే ఈ పని చేయండి:

- మీ రాష్ట్రంలోని ప్రభుత్వ మెడికల్ స్కూళ్లన్నీ ముందు రాయండి. సొంత రాష్ట్రం విద్యార్థులకు అక్కడే అవకాశం ఎక్కువ.
- వాటికి మీకు నచ్చినవి పది కలపండి.
- అమెరికా మెడికల్ కాలేజీల సంఘం ఏఏఎంసీ నడిపే ఎంఎస్‌ఏఆర్ అనే జాబితాలో, స్కూలు సొంత అడ్మిషన్ల పేజీలో, రెండు చోట్లా చూడండి. రెండిట్లో తేడా కనిపిస్తే స్కూలు పేజీదే లెక్క.
- ఒక్కో స్కూలుకు ఆరు గడులు నింపండి: కాలిక్యులస్ కావాలా, స్టాటిస్టిక్స్ కావాలా, ఎన్ని సెమిస్టర్లు, ఏపీ (హైస్కూల్లో రాసే కాలేజీ స్థాయి పరీక్ష) క్రెడిట్ ఒప్పుకుంటారా, కమ్యూనిటీ కాలేజీ ఒప్పుకుంటారా, ఆన్‌లైన్ ఒప్పుకుంటారా.

"తప్పనిసరి కాదు, చేస్తే మంచిది" అని రాసి ఉంటే, మీ మటుకు మీరు దాన్ని తప్పనిసరి కిందే జమకట్టండి. మీతో పోటీపడేవాళ్లలో చాలామంది ఆ కోర్సు చేసే వస్తారు.

ఈ జాబితాను ఏటా వేసవిలో ఒకసారి మళ్లీ సరిచూసుకోండి. నియమాలు మారుతుంటాయి.

2. మీ చేతిలో ఇప్పటికే ఏముంది?

*ఏపీ క్రెడిట్.* ఏపీ కాలిక్యులస్ ఏబీలోనో బీసీలోనో 4, 5 వచ్చిందంటే మీ కాలేజీ క్రెడిట్ ఇవ్వచ్చు. కానీ మెడికల్ స్కూలు చూసేది ఏపీ స్కోరు కాగితాన్ని కాదు, కాలేజీ ట్రాన్స్‌క్రిప్ట్‌ని (కోర్సులు, గ్రేడులు ఉండే పత్రం). దాని మీద కోర్సు పేరు, క్రెడిట్ల సంఖ్య కనబడాలి. ఊరికే "ఏపీ క్రెడిట్: 8" అని మొత్తంగా వేసి ఉంటే రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి, ఏ సబ్జెక్టుకు ఎన్నో విడివిడిగా చూపించగలరా అని అడగండి. ఇంకో సంగతి, ఏపీ క్రెడిట్‌కు గ్రేడు ఉండదు కాబట్టి జీపీఏలో (గ్రేడుల సగటులో) చేరదు.

కాలిక్యులస్‌కు ఏపీ క్రెడిట్ వాడుకుని, కాలేజీలో స్టాటిస్టిక్స్ చేయడం చాలామందికి చక్కగా కుదురుతుంది. లెక్కల్లో కాలేజీ గ్రేడు ఒకటి ఉంటుంది, చేసిందే మళ్లీ చేసే పని ఉండదు. ఏపీ స్టాటిస్టిక్స్ క్రెడిట్ ఒక్కటే ఉండి, మీ జాబితాలోని స్కూళ్లు దాన్ని ఒప్పుకోకపోతే, అదే పాఠం మళ్లీ చదవకండి. ఒక మెట్టు పైనున్న బయోస్టాటిస్టిక్స్ తీసుకోండి.

సులువుగా 'ఏ' గ్రేడు వస్తుందని ఏపీ క్రెడిట్ ఉన్న కాలిక్యులస్ 1ని మళ్లీ చేసేవాళ్లున్నారు. కొన్ని కాలేజీల్లో అలా చేస్తే ఏపీ క్రెడిట్ రద్దవుతుంది. పునాది నిజంగా కదులుతోందనిపిస్తేనే ఆ పని చేయండి.

*డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్.* తల్లిదండ్రులు ఎక్కువగా పట్టించుకోనిది ఇదే. హైస్కూల్లో ఉండగా కమ్యూనిటీ కాలేజీలో చేసిన కోర్సుల గ్రేడులు కూడా యామ్‌కాస్ అనే, చాలా మెడికల్ స్కూళ్లకు ఉమ్మడిగా పెట్టే అప్లికేషన్‌లో చూపించి తీరాలి. పదహారేళ్ల వయసులో ప్రీకాలిక్యులస్‌లో తెచ్చుకున్న సీ గ్రేడు ఇరవై ఒకటో ఏట ఎదురుగా వచ్చి నిలబడుతుంది. కాబట్టి హైస్కూలు పిల్లల్ని "ఊరికే చేసి చూడు" అని కాలేజీ లెక్కల క్లాసులో చేర్చకండి.

*ఇండియాలో చేసిన డిగ్రీ.* అమెరికా బయటి కాలేజీల్లో చేసిన కోర్సుల్ని యామ్‌కాస్ మామూలుగా సరిచూడదు, జీపీఏలో కలపదు. ఇక్కడ మెడిసిన్ చదవాలనుకుంటే అవసరమైన లెక్కల కోర్సులు అమెరికా కాలేజీలో మళ్లీ చేసుకోవాల్సి వస్తుందని ముందే అనుకోండి.

*ప్లేస్‌మెంట్ పరీక్ష.* చాలా యూనివర్సిటీలు అలెక్స్ అనే ఆన్‌లైన్ పరీక్ష పెడతాయి. 100కు ఎంత వస్తే ఏ కోర్సులో కూర్చోవచ్చో కాలేజీయే నిర్ణయిస్తుంది. ఇంట్లో కూర్చుని రాసే పరీక్ష కదా అని అన్నయ్యో నాన్నో పక్కన కూర్చుని సాయం చేస్తే, పిల్ల తన స్థాయికి మించిన క్లాసులో పడుతుంది. అక్కడ అన్నయ్య ఉండడు. రెండు వారాలు పాత లెక్కలు తిరగేసి, ఒంటరిగా రాయనివ్వండి.

3. కాలిక్యులస్: ఏ రకం?

ఒక కాలేజీలోనే మూడు నాలుగు రకాల కాలిక్యులస్ 1 ఉంటుంది.

ఇంజినీరింగ్, సైన్స్ విద్యార్థుల కాలిక్యులస్ అన్నిచోట్లా చెల్లుతుంది, దీని తర్వాత కాలిక్యులస్ 2కు దారి తెరిచి ఉంటుంది. లైఫ్ సైన్సెస్ కాలిక్యులస్‌లో జనాభా పెరుగుదల, మందు రక్తంలోంచి తగ్గే వేగం లాంటి ఉదాహరణలు ఉంటాయి. ప్రీమెడ్‌కు సరిపోతుంది, కానీ తర్వాత బయోమెడికల్ ఇంజినీరింగ్‌కు మారదామంటే చాలాచోట్ల మొదటికి రావాలి. యూసీ శాన్‌డియేగోలో మ్యాథ్ 10 వరస, 20 వరస అని రెండు వేరువేరుగా ఉండేది ఇందుకే. యూసీఎల్‌ఏలో లైఫ్ సైన్స్ విద్యార్థులకు ఎల్‌ఎస్ 30ఏ, 30బీ అని ప్రత్యేకంగా లెక్కల కోర్సులున్నాయి.

బిజినెస్ కాలిక్యులస్, సర్వే ఆఫ్ కాలిక్యులస్ అన్న పేర్లు కనిపిస్తే ఆగండి. మీ జాబితాలోని స్కూలు ఒప్పుకుంటుందని రాతపూర్వకంగా తెలిస్తే తప్ప తీసుకోవద్దు. ప్రీకాలిక్యులస్ మాత్రం కాలిక్యులస్ కింద ఎక్కడా చెల్లదు.

కాలిక్యులస్‌లో దెబ్బతినేవాళ్లలో చాలామంది దెబ్బతినేది లిమిట్ల దగ్గర కాదు, బీజగణితం దగ్గర. 3కి 4 కలిపి వర్గం చేస్తే 49. దాన్ని 9, 16 కలిపి 25 అనే పిల్లలు అంకెల్లో ఉండరు, కానీ అంకెల స్థానంలో అక్షరాలు పెట్టగానే ఆ తప్పు చేసేవాళ్లు క్లాసుకు పదిమంది ఉంటారు. డెరివేటివ్ నిర్వచనంలో మొదటి లెక్కే ఈ వర్గం మీద నడుస్తుంది. అక్కడ తప్పితే ఆ పేజీలో తర్వాత చేసిందంతా తప్పే.

చేరేముందు ఇవి కాలిక్యులేటర్ లేకుండా చేసి చూడండి:

- వేరువేరు హారాలున్న రెండు బీజీయ భిన్నాలు కలపడం
- రుణ ఘాతాలు, భిన్న ఘాతాలు సూక్ష్మీకరించడం
- లాగరిథమ్ సమీకరణం ఒకటి సాధించడం
- 0, 30, 45, 60, 90 డిగ్రీలకు సైన్, కొసైన్ విలువలు చెప్పడం
- ఒక ఫంక్షన్‌ను ఇంకో ఫంక్షన్‌లో ప్రతిక్షేపించడం

ఐదింట్లో మూడు తడబడితే ప్రీకాలిక్యులస్‌లో చేరండి. ఒక సెమిస్టర్ పోతుంది, నిజమే. కానీ కాలిక్యులస్‌లో సీ తెచ్చుకున్నాక దాన్ని పూడ్చడానికి అంతకంటే ఎక్కువ పోతుంది. ఆ లెక్క ఏడో అంశంలో ఉంది.

కాలిక్యులస్ 2 ఎవరికి? డిగ్రీలో అవసరమైనవాళ్లకు, జాబితాలో ఏడాది కాలిక్యులస్ అడిగే స్కూలు ఉన్నవాళ్లకు, లెక్కలంటే ఇష్టం ఉన్నవాళ్లకు. బయోమెడికల్ ఇంజినీరింగ్ వాళ్లకు కాలిక్యులస్ 3, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ ఎలాగూ తప్పవు.

4. స్టాటిస్టిక్స్: దీనికే ఎక్కువ సమయం ఇవ్వండి

డాక్టరయ్యాక రోజూ పనికొచ్చే లెక్కలు ఇవే. ఒక ఉదాహరణ చూడండి.

నూటికి ఒకరికి ఉండే జబ్బుకు ఒక పరీక్ష ఉందనుకోండి. జబ్బున్న 100 మందిలో 90 మందిని అది పట్టుకుంటుంది. జబ్బు లేని 100 మందిలో 95 మందికి సరిగ్గా "లేదు" అని చెబుతుంది. పాజిటివ్ వచ్చిన మనిషికి నిజంగా జబ్బు ఉండే అవకాశం ఎంత? చాలామంది 90 శాతం అనేస్తారు.

10,000 మందితో వేసి చూద్దాం. జబ్బున్నవాళ్లు 100, వాళ్లలో పాజిటివ్ 90. జబ్బు లేనివాళ్లు 9,900, వాళ్లలో 5 శాతం అంటే 495 మందికి తప్పుగా పాజిటివ్. మొత్తం పాజిటివ్‌లు 585. అందులో నిజమైనవి 90. అంటే 15 శాతం చిల్లర. ఈ లెక్క చేతికి రాని డాక్టరు ఎదుటి మనిషిని ఉత్తపుణ్యానికి హడలగొడతాడు.

కోర్సు ఎంచుకునేటప్పుడు పేరు చూడకండి, సిలబస్ తెరవండి. ఇవి ఉండాలి:

- సగటు, మధ్యగతం, ప్రామాణిక విచలనం
- సంభావ్యత, పైన చూసినలాంటి షరతులతో కూడిన సంభావ్యత
- శాంప్లింగ్, కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్
- హైపాథసిస్ పరీక్ష, పీ విలువ
- టీ టెస్ట్, కై స్క్వేర్, అనోవా
- కోరిలేషన్, రిగ్రెషన్

మొదటి నాలుగే ఉండి మిగతావి లేకపోతే ఆ కోర్సు పలచన. ఆర్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో ల్యాబ్ ఉంటే ఇంకా మంచిది, రీసెర్చ్ ల్యాబ్‌లో చేరేటప్పుడు అక్కరకొస్తుంది.

ఏ డిపార్ట్‌మెంటు చెబుతోందన్నది రెండో ప్రశ్న. మ్యాథ్, స్టాటిస్టిక్స్, పబ్లిక్ హెల్త్ విభాగాల కోర్సులకు ఇబ్బంది తక్కువ. సైకాలజీ విభాగం వాళ్ల స్టాటిస్టిక్స్‌ను చాలా స్కూళ్లు ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు. బిజినెస్ స్టాటిస్టిక్స్ మీద అనుమానాలు ఎక్కువ. సందేహం ఉంటే అడ్మిషన్ల ఆఫీసుకు రెండు వాక్యాల మెయిల్ రాయండి: కోర్సు నంబరు, పేరు, విభాగం చెప్పి, సిలబస్ జతచేసి, "మీ స్టాటిస్టిక్స్ నియమానికి ఇది సరిపోతుందా" అని అడగండి. వచ్చిన జవాబు దాచుకోండి.

5. ఎంక్యాట్ లెక్కలు వేరే సాధన

మెడికల్ స్కూళ్ల ప్రవేశ పరీక్ష ఎంక్యాట్‌లో కాలిక్యులస్ రాదు. కాలిక్యులేటర్ ఇవ్వరు. సైకాలజీతో కలిపి మూడు సైన్స్ విభాగాల్లో ఒక్కోదానికి 59 ప్రశ్నలు, 95 నిమిషాలు. ప్రశ్నకు నిమిషంన్నర దాటి కాస్త ఉంటుంది, అందులోనే పేరా చదవాలి.

కావాల్సింది అంకెల మీద చేయి తిరగడం. ఉదాహరణకు హైడ్రోజన్ అయాన్ల గాఢత 3 × 10⁻⁵ అయితే పీహెచ్ ఎంత? ఘాతం 5 కాబట్టి జవాబు 5 కన్నా కొంచెం తక్కువ, 4 కన్నా ఎక్కువ. 3కి లాగరిథమ్ దాదాపు 0.48. కనుక 4.52. పది సెకన్లలో తేలాలి. 6.02 × 10²³ను 4.1 × 10⁻⁵తో గుణించాలంటే ఆరు నాలుగులు ఇరవై నాలుగు, ఘాతాలు కలిపితే 18, జవాబు సుమారు 2.4 × 10¹⁹. ఎక్కాలు బాగా వచ్చిన పిల్లలకు ఇక్కడ సుఖం.

రోజుకు పదిహేను నిమిషాలు, పరీక్షకు మూడు నెలల ముందునుంచి. దీనికోసం కోర్సు తీసుకోనక్కర్లేదు. పట్టికలు, గ్రాఫులు చదివి తేల్చే ప్రశ్నలకు మాత్రం స్టాటిస్టిక్స్ కోర్సు నేరుగా ఉపయోగపడుతుంది. కాబట్టి అది ఎంక్యాట్ చదువు మొదలుపెట్టేలోపే పూర్తయిపోవాలి.

6. ఏ సెమిస్టర్లో ఏది

కాలిక్యులస్‌కు సిద్ధంగా ఉన్నవాళ్లు: మొదటి సెమిస్టర్లో కాలిక్యులస్ 1, జనరల్ కెమిస్ట్రీ కలిపి. స్టాటిస్టిక్స్ రెండో సెమిస్టర్లో గానీ, రెండో ఏడాది మొదట్లో గానీ.

ప్రీకాలిక్యులస్ కావాల్సినవాళ్లు: మొదటి సెమిస్టర్ ప్రీకాలిక్యులస్, రెండోది కాలిక్యులస్, మూడోది స్టాటిస్టిక్స్. జనరల్ కెమిస్ట్రీలో చేరడానికి మీ కాలేజీ ఏ స్థాయి లెక్కలు అడుగుతుందో ముందు చూడండి. అక్కడ ఆగిపోతే కెమిస్ట్రీ వరసంతా ఏడాది వెనక్కి జరుగుతుంది.

కాలిక్యులస్‌కు ఏపీ క్రెడిట్ ఉన్నవాళ్లు: మొదటి ఏడాదిలోనే స్టాటిస్టిక్స్. వీలైతే మూడో ఏడాది బయోస్టాటిస్టిక్స్.

ఫిజిక్స్ రెండు రకాలు: ఆల్జీబ్రా ఆధారంగా, కాలిక్యులస్ ఆధారంగా. ఎక్కువ మెడికల్ స్కూళ్లు ఏదైనా తీసుకుంటాయి. మీ డిగ్రీ అడగకపోతే ఆల్జీబ్రాదే చాలు. కాలిక్యులస్ ఫిజిక్స్ తీసుకుంటే కాలిక్యులస్ 1 ముందుగా అయిపోయి ఉంటే మేలు. రెండూ ఒకేసారి పెట్టుకోవచ్చని కేటలాగ్‌లో ఉన్నా, ఫిజిక్స్ క్లాసులో కావాల్సింది లెక్కల క్లాసులో ఇంకా చెప్పి ఉండరు.

ఆర్గానిక్ కెమిస్ట్రీతో పాటు కాలిక్యులస్ 2 పెట్టుకోకుండా ఉండగలిగితే పెట్టుకోవద్దు. రెండూ రోజూ సాధన కోరేవే, మిడ్‌టర్మ్‌లు ఒకే వారంలో వచ్చిపడతాయి.

వేసవిలో లెక్కలంటే పదిహేను వారాల పాఠం ఆరు వారాల్లో. స్టాటిస్టిక్స్‌కు ఫర్వాలేదు, అదీ ఉద్యోగం, రీసెర్చ్ పక్కన లేకపోతేనే.

*సెమిస్టర్ల బదులు అంతకన్నా చిన్న క్వార్టర్లు నడిపే కాలేజీల్లో ఉన్నవాళ్లకు:* క్వార్టర్ క్రెడిట్లను మూడింట రెండు వంతులు చేస్తేనే సెమిస్టర్ క్రెడిట్లు. నాలుగేసి యూనిట్ల కోర్సులు రెండు చేస్తే 8 క్వార్టర్ యూనిట్లు, అంటే 5.33 సెమిస్టర్ క్రెడిట్లు. స్కూలు 6 అడిగితే తగ్గినట్టే. మూడో కోర్సు కావాలి.

7. ఒక్క సీ గ్రేడు ఖరీదు

యామ్‌కాస్‌లో బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మ్యాథ్ కలిపి విడిగా ఒక సైన్స్ జీపీఏ లెక్కిస్తారు. కంప్యూటర్ సైన్స్, ఇంజినీరింగ్ కోర్సులు అందులోకి రావు. స్టాటిస్టిక్స్ వస్తుంది.

నాలుగేసి క్రెడిట్ల కోర్సులు పన్నెండు అనుకోండి. పదకొండింట్లో ఏ, కాలిక్యులస్ 2లో సీ. క్రెడిట్‌కు ఏ అంటే 4 పాయింట్లు, సీ అంటే 2. 44 క్రెడిట్లకు 176 పాయింట్లు, 4 క్రెడిట్లకు 8. మొత్తం 184ను 48తో భాగిస్తే 3.83. ఇప్పుడు అదే కోర్సు మళ్లీ చేసి ఏ తెచ్చుకున్నారు. కాలేజీ పాత గ్రేడు తీసేసినా యామ్‌కాస్ తీసేయదు, రెండూ లెక్కలోకి వస్తాయి. 200ను 52తో భాగిస్తే 3.85.

ఒక సెమిస్టర్ కష్టానికి దక్కింది 0.02 కూడా లేదు. అవసరం లేని లెక్కల కోర్సు జోలికి వెళ్లొద్దనేది అందుకే.

8. రిజిస్ట్రేషన్ రోజున

- లెటర్ గ్రేడు ఎంచుకున్నానా? పాస్/ఫెయిల్ పెడితే చాలా స్కూళ్లు ఆ కోర్సును లెక్కలోకి తీసుకోవు.
- డ్రాప్ చేయడానికి ఆఖరి తేదీ, విత్‌డ్రా చేయడానికి ఆఖరి తేదీ రాసుకున్నానా? రెండూ వేరు. మొదటిదాని లోపల మానేస్తే ట్రాన్స్‌క్రిప్ట్ మీద ఏమీ పడదు, రెండోదైతే డబ్ల్యూ పడుతుంది.
- మొదటి పరీక్ష డ్రాప్ తేదీకి ముందా, తర్వాతా?
- ట్యూటరింగ్ సెంటర్ వేళలు నా క్లాసులతో తగులుకుంటున్నాయా?
- సిలబస్ పీడీఎఫ్ దాచుకున్నానా?

9. ఇప్పటికే తప్పటడుగు పడితే

*మొదటి మిడ్‌టర్మ్‌లో 50 లోపు వచ్చింది.* జవాబు పత్రం తెచ్చుకుని తప్పుల్ని రెండు కుప్పలు చేయండి: కొత్త పాఠం అర్థం కానివి, పాత బీజగణితంలో జారినవి. మొదటివే ఎక్కువైతే ట్యూటరింగ్‌తో నిలదొక్కుకోవచ్చు. రెండోవే ఎక్కువైతే విత్‌డ్రా తేదీ దాటకముందే బయటికి రండి. ఒక్క డబ్ల్యూ సీ కన్నా, డీ కన్నా నయం. జీపీఏలో అది చేరదు. డబ్ల్యూలు వరసపెడితేనే ప్రశ్నలు వస్తాయి.

*సీ వచ్చేసింది.* స్కూలు కనీసం సీ అడిగితే నియమం తీరినట్టే. మళ్లీ అదే చేయకుండా స్టాటిస్టిక్స్‌లోనో బయోస్టాటిస్టిక్స్‌లోనో ఏ తెచ్చుకోండి. సీ మైనస్ అయితే చాలాచోట్ల చెల్లదు, తిరిగి చేయక తప్పదు.

*నాలుగో ఏడాది వచ్చింది, స్టాటిస్టిక్స్ ఇంకా చేయలేదు.* చాలా స్కూళ్లు అప్లికేషన్ పెట్టేనాటికి కాక, చేరేనాటికి పూర్తవాలంటాయి. రాబోయే సెమిస్టర్లో చేయబోతున్నట్టు అప్లికేషన్‌లో చూపించి, చెప్పినట్టే చేయండి. చూపించి మానేస్తే వచ్చిన సీటుకే ఎసరు.

*యామ్‌కాస్‌లో కోర్సు వర్గం మార్చేశారు.* సైకాలజీ విభాగంలో చేసిన స్టాటిస్టిక్స్‌ను మీరు మ్యాథ్ కింద నమోదు చేయవచ్చు, ఎందుకంటే అక్కడ చూసేది విభాగం పేరు కాదు, పాఠంలో ఎక్కువ భాగం ఏమిటన్నది. సరిచూసేవాళ్లు దాన్ని సైకాలజీ కిందకు మారిస్తే, అప్లికేషన్ తిరిగొచ్చాక మార్పు కోరుతూ అభ్యర్థన పెట్టుకునే వీలుంది. దానికి మూడేళ్ల కిందట దాచుకున్న ఆ సిలబస్ పీడీఎఫ్ కావాలి.